సాంచాల చప్పుడులో మా అన్న మాట

నన్ను నోరు మూసుకొమ్మన్న మొదటి మనిషి ఆ డాక్టరేమీ కాదు. నన్ను కన్న అవ్వ అన్నది, బాపు అన్నాడు, కట్టుకున్నాయన అనీ అనీ విసిగి ఊరుకున్నాడు. నేను విన్నది మాత్రం ఈయన మాటే. కరీంనగర్‌లో తన దవాఖానాలో కూర్చోబెట్టి, ముక్కులోంచి సన్నటి గొట్టం దించి, నా గొంతు లోపల ఏముందో నాకే తెర మీద చూపించాడు. మాట పుట్టే చోట రెండు వైపులా జొన్నగింజల్లాంటి కాయలు. "ఎన్నేండ్ల సంది పాఠాలు చెప్పిండ్రు మేడం?" అని అడిగి, నేను జవాబు చెప్పబోతే చెయ్యడ్డం పెట్టాడు. "వద్దు వద్దు. అరిచి అరిచి తెచ్చుకున్నరు. నేను చెప్పేదాంక ఒక్క మాట మాట్లాడొద్దు. గుసగుసగా గూడ వద్దు." పెద్దపల్లిలో, చెన్నూరులో, మందమర్రిలో ఎక్కడ పనిచేసినా పక్క క్లాసు పిల్లలకు కూడా నా పాఠం వినిపించేది. రిటైరయ్యాక ఆ గొంతుతోనే కూరగాయలు బేరమాడేదాన్ని. అట్లాంటిదాన్ని పెదాలు బిగించుకుని బయటికొచ్చి, మందుల చీటీ కోసం బెంచీ మీద కూర్చున్నాను.

ఎదురుగా ఇంకో గది. మాట సరిగా రానివాళ్లకు అక్కడ ఒక అమ్మాయి నేర్పుతుందట. తలుపు సగం తెరిచి ఉంది. కాలేజీ పిల్ల ఒకతె పేపరు చేతిలో పట్టుకుని చదవబోతోంది, మొదటి అక్షరం దగ్గరే ఆగిపోయి మెడనరాలు బిగుసుకుపోతున్నాయి. నేర్పే అమ్మాయి లేచి ఆ పిల్ల చెవులకు హెడ్‌ఫోన్ తగిలించింది. అంతే, ఆ పిల్ల గడగడా చదివేసింది! వార్త మొత్తం, ఎక్కడా తడబడకుండా. హెడ్‌ఫోన్ తీయగానే మళ్లీ మొదటికొచ్చింది. పక్కనున్న తల్లికి కోపం వచ్చింది. "సూసిండ్రా మేడం? వస్తది దీనికి. మా ముందటనే నకరాలు జేస్తది" అంది. ఆ అమ్మాయి నిదానంగా చెప్పింది: "నకరాలు గాదమ్మా. ఇందులో ఉత్త హోరు పెట్టిన. తన గొంతు తనకు వినపడకపోతే కొందరికి మాట సాఫీగా వస్తది. ఇది ఆమె చేతుల లేదు. మీరు తిట్టకుండ్రి, జర ఆగుండ్రి."

నేను లేచి ఆ గదిలోకి పోయాను. పిలవని పేరంటం. మాట్లాడకూడదు కాబట్టి హెడ్‌ఫోన్ వైపు చెయ్యి చూపించాను. ముసలిదానికి సరదా పుట్టిందనుకుందేమో, నవ్వుతూ నా చెవులకు పెట్టింది. గుయ్యిమని హోరు. అందులో నాకు వినిపించింది మా ఇంటి సాంచాల చప్పుడు. అక్కడే కుర్చీలో కూర్చున్నాను. మా అన్న రాజేశం ముఖం కళ్లముందు నిలిచింది. నకరాలనే మాట మా ఇంట్లో ఎవరు ఎన్నిసార్లు అన్నారో గానీ, అందరి ముందు, అనకూడని రోజున అన్నది మాత్రం నేనే.

అదే వారంలో సిరిసిల్ల నుంచి వదినె ఫోను చేసింది. మా ఆయన తీసి, స్పీకరు పెట్టి నా ముందు పట్టుకున్నాడు. "సాంచాలు పాతినుప సామానోల్లకు అమ్మినం. ఎల్లుండి వచ్చి తీస్కపోతరట. మీ అన్న రెండు దినాల సంది అన్నం సక్కగ తింటలేడు. ఒకపారి వచ్చిపోరాదు?" అన్నది. నేను తల ఊపాను. నా తల ఫోనులో కనిపించదని గుర్తొచ్చి మా ఆయన వైపు చూస్తే, ఆయనే "వస్తది" అన్నాడు. ఇంకొకరు నా బదులు మాట్లాడటం ఎట్లా ఉంటుందో నాకు అప్పుడే తెలిసింది. ఆయన చెప్పింది తప్పేమీ కాదు, నేను చెప్పాలనుకున్నదే. అయినా ఒళ్లు మండింది.

సాంచాలంటే మరమగ్గాలు. సిరిసిల్లలో మా ఇంటి ముందుగదంతా అవే, వెనక మిగిలిన జాగాలో మేము. నూనె వాసన, గంజి వాసన, వాటి మధ్య అవ్వ పెట్టే పోపు వాసన. గాలిలో ఎప్పుడూ నూలు నుసి ఎగురుతూనే ఉండేది. అందుకే అవ్వ ప్రతి గిన్నె మీదా మూత పెట్టి, మూత మీద తడిగుడ్డ కప్పేది. అయినా పప్పులో ఒక పోగు రాని రోజు లేదు. బాపు దాన్ని వేలితో తీసి, గోడకు అంటించి, ఏమీ జరగనట్టు తినేవాడు. పొద్దున లేచింది మొదలు టకటకా చప్పుడే. ఆ చప్పుడులో పుట్టి పెరిగిన వాళ్లం కాబట్టి మా అందరివీ పెద్ద గొంతులు. పెండ్లికో పేరంటానికో పోతే చుట్టాలు చెవులు మూసుకునేవారు. "ఏందే గా ఒర్లుడు, మేం చెవిటోల్లమా?" అని మా చిన్నమ్మ నన్ను మందిలో కసిరేది. ఇప్పుడు నా గొంతులో తేలిన కాయలకు విత్తనం ఎక్కడ పడిందో ఆ డాక్టరుకు చెప్పలేదు. చెప్పడానికి మాట వద్దన్నాడు గదా.

అరుపు అందనంత దూరంలో ఉంటే చేతులతో మాట్లాడుకునేవాళ్లం. బొటనవేలు పెదవి దగ్గర పెడితే చాయ్. చూపుడువేలు ముక్కు కింద అడ్డంగా పెడితే, మాకు నూలిచ్చి బట్ట కొనే మీసాల సేటు వస్తున్నాడని. అరచెయ్యి నిలబెట్టి చూపిస్తే ఆగు, పోగు తెగింది అని. ఆ అరచెయ్యి లేచిందంటే బాపు అంతటివాడు కూడా ఉన్నచోట ఆగిపోయేవాడు. ఇక పెదాలు చూసి మాట పట్టుకోవడం మాకు నడక వచ్చినంత మామూలుగా వచ్చింది.

అన్నకు బయట మాట రాదు. తన పేరులో మొదటి అక్షరమే ఆయనకు పెద్ద గండం. బడిలో సారు పేరు అడిగితే "రా... రా... రా..." దగ్గరే కండ్లు మూసుకుపోయేవి, పిల్లలు పకపకా నవ్వేవారు. నేను ఆయనకంటే చిన్నదాన్ని, కింది తరగతి. అయినా గోడకవతల ఆ నవ్వు వినబడితే చాలు, కిటికీలోంచి తల పెట్టి "రాజేశం సార్! మా అన్న!" అని అరిచేదాన్ని. నాకు అది ప్రేమే. ఆయనకు ఏమిటో నేనెన్నడూ అడగలేదు. అవ్వ చేయని వైద్యం లేదు. వసకొమ్ము అరగదీసి నాలుకకు రాసింది. గుడిగంటను తిరగేసి నీళ్లు పోయించి తాగించింది. చిలక కొరికిన జామకాయ తింటే మాటలొస్తాయని ఎవరో చెబితే, జామచెట్టు కింద కాపలా కూర్చుని, చిలకతో కొట్లాడి మరీ తెచ్చింది. ఇవాళ మాట రాకపోతే తీసుకుపోవడానికి ఒక గది ఉంది, అందులో చదువుకున్న పిల్ల ఒకతె ఉంది. అవ్వకు చిలకే దిక్కు.

అదే అన్న సాంచాల మధ్య నిలబడితే ఇంకో మనిషి. హోరులో ఆయన మాట ఎక్కడా తడబడేది కాదు. కథలు చెప్పేవాడు. గోదావరి దాటి వచ్చిన పులి ఒకటి సేటు దగ్గర లుంగీ బేరం చేస్తుంది, ఎంత పొడుగు లుంగీ తెచ్చినా తోక బయటే ఉంటుంది. పోగులు అతికేవాళ్లు అతకడం మరిచి నవ్వేవారు. అంతలో కరెంటు పోతే సాంచాలన్నీ ఒక్కసారే ఆగిపోయేవి, చెవుల్లో గుయ్యిమనేది, అన్న మాట కూడా అక్కడే తెగిపోయేది. "తర్వాతేమైందిరా?" అంటే నోరు తెరిచి, మూసి, తల వంచుకునేవాడు. బాపుకు ఇది అర్థం కాలేదు. "సాంచల కాడ గడగడ మాట్లాడుతవు. బయటికొస్తె ఏమైతదిరా నీ నోటికి? పనికి పిలిస్తె నకరాలు, సుట్టాలొస్తె నకరాలు!" అని నూలు కండెల గంప విసిరికొట్టిన రోజు ఉంది. ఎవరిదైనా అదే ఆలోచన. రానివాడికి ఎక్కడా రాకూడదు. ఒకచోట వచ్చి ఇంకోచోట రాలేదంటే అది కావాలని చేస్తున్నట్టే. చెవిటివాళ్లను, కుంటివాళ్లను చూసి అయ్యో అనే మా వీధి, అన్నను చూసి మాత్రం అయ్యో అనలేదు.

ఒక్క ఖాదర్ చాచా వేరు. మా వీధి మూలన ఆయన చాయ్ హోటల్. సాయంత్రం అన్న కెటిల్ తీసుకుని పోతే నేను వెంట పోయేదాన్ని. "క్యా హోనా బేటా?" అని అడిగి, చాచా చేతిలో గిన్నె కింద పెట్టేవాడు. అన్న "నా... నా..." అంటుంటే నేను ఆగలేక "నాలుగు చాయ్ చాచా!" అనేదాన్ని. ఆయన నావైపు చూడనైనా చూసేవాడు కాదు. "నిన్నడుగలే బేటీ, ఆయన్నడిగిన" అని, అన్న నాలుగు చాయ్‌లూ తన నోటితో చెప్పేదాకా అట్లాగే నిలబడేవాడు. వెనక గిరాకీ గొణుక్కునేది. నాకు ఈ చాచాకు పనీపాటా లేదని చిరాకు వేసేది.

సరోజన మా ఇంట్లో కండెలు చుట్టడానికి వచ్చేది. మగ్గంలో అటూ ఇటూ ఆడే నాడెలో పెట్టే నూలును చిన్న పుల్లలకు చుట్టే పని అది. తండ్రి మందమర్రిలో బొగ్గుబాయి కార్మికుడు, తల్లి లేదు, మా వెనక వీధిలో మేనత్త ఇంట్లో ఉండేది. అన్న కథలకు అందరికంటే ముందు నవ్వేది ఆమే. కొన్నాళ్లకు ఆయన కథలు ఆమెకే చెబుతున్నాడని అవ్వ పసిగట్టింది. కులం కలిసింది, బాపుకు అభ్యంతరం లేదు, మేనత్త మందమర్రికి కబురు పంపింది. పిల్ల తండ్రి మా ఇల్లు చూడటానికి వస్తానన్నాడు. నేను అప్పుడు కరీంనగర్‌లో హాస్టల్లో ఉండి చదువుకుంటున్నాను. ఆ పని కోసమే ఇంటికొచ్చాను.

వాళ్లు వచ్చే రోజు పొద్దున అన్న నన్ను సాంచాల మధ్యకు పిలిచాడు. కొత్త చొక్కా వేసుకున్నాడు, దాని మీద అప్పుడే నుసి పడుతోంది. "చెల్లె, వాల్లచ్చినంక సాంచాలు బంద్ వెట్టకుండ్రి. బాపుకు జర నువ్వే చెప్పు. నడువనిస్తె నేను మాట్లాడుత. మామ ఏమడిగినా చెప్త" అన్నాడు. ఎంత స్పష్టంగా అన్నాడో! నేను సరేనన్నాను. బాపుకు చెప్పాను కూడా. చెప్పలేదని కాదు.

పిల్ల తండ్రి తెల్లటి ధోవతి కట్టుకుని వచ్చాడు, వెంట ఇద్దరు పెద్దమనుషులు. సాంచాల గదిలోనే బల్ల వేశాం, వేరే గది లేదు. వాళ్లు కూర్చున్నారు. ఆయన ఏదో అడుగుతున్నాడు, మాకు అందుతోంది. మేము చెప్పేది ఆయనకు అందడం లేదు. చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని ముఖం చిట్లించాడు. ఒక పెద్దమనిషి ధోవతి మీద నుసి దులుపుకున్నాడు. నాకు తల కొట్టేసినట్టయింది. హాస్టల్లో నా స్నేహితురాళ్ల ఇళ్లలో ఫ్యాను చప్పుడు తప్ప ఇంకోటి ఉండేది కాదు. మమ్మల్ని ఏమనుకుంటారో, ఇదేం సంసారమనుకుంటారో అని ఒకటే నామోషీ. లేచిపోయి మెయిన్ స్విచ్చు కిందికి గుంజాను. అన్న నా వైపు చూశాడు. ఆ చూపును వర్ణించడం నాకు చేతకాదు, అడగకండి.

"ఆఁ, గిప్పుడు మంచిగున్నది" అన్నాడు పిల్ల తండ్రి. "నీ పేరేంది బిడ్డా?"

"రా... రా... రా..."

కిటికీలోంచి తల పెట్టే అలవాటు ఎక్కడికి పోతుంది? "రాజేశం" అన్నాను. ఏం చదివాడని అడిగితే నేనే చెప్పాను. రోజుకు ఎంత నేస్తాడంటే నేనే చెప్పాను. ఆయన తలెత్తి బాపు వైపు తిరిగాడు. "గిదేంది బావా, పిలగానికి మాటలు రావా? మా చెల్లె చెప్పనే లేదు." బాపు గొంతు సవరించుకున్నాడు. అవ్వ కొంగు నోట్లో కుక్కుకుంది. ఏదో ఒకటి అనాలి, నవ్వించి గట్టెక్కించాలి అనుకున్నాను. నవ్వుతూనే అన్నాను. "ఎందుకు రావు మామా! సాంచల కాడ కథల మీద కథలు చెప్తడు. మంది ముందటనే గిట్ల నకరాలు!"

ఎవరూ నవ్వలేదు. చాయ్ సగం తాగి లేచారు. సరోజన మేనత్త వచ్చి అవ్వతో చెప్పిన మాట ఇప్పటికీ యాదికుంది. "మాట రాకుంటె మా అన్న ఒప్పుకుంటుండెనేమో వదినె. మామను సూసి గూడ మాట్లాడబుద్ధి గాని పొగరుబోతోనికి పిల్లనెట్ల ఇస్తనన్నడు." అంటే మాట రాకపోవడం కాదు, నేను పెట్టిన పేరే సంబంధాన్ని చెడగొట్టింది. సరోజన మళ్లీ కండెలు చుట్టడానికి రాలేదు. ఆమెను మందమర్రికి తోలుకపోయి అక్కడే ఇచ్చి చేశారు. అన్న ఆ సాయంత్రం స్విచ్చు వేసి సాంచాలు నడిపాడు. నేను దగ్గరికి పోయి నిలబడ్డాను. ఆయన పెదాలు కదలలేదు. ఆ తర్వాత వేరేవాళ్లతో మాట్లాడేవాడట, హోరులో పులి కథ కూడా మళ్లీ చెప్పాడట. నేను గడపలో అడుగు పెడితే మాత్రం కథ ఆగిపోయేది. నాతో తలూపుడే, చేతి సైగలే. నేను అలిగాడులే అనుకున్నాను. అంత అలుక ఎవరికుంటుంది?

చాలా ఏండ్ల తర్వాత నేను మందమర్రిలో పనిచేస్తుండగా, మనవరాలిని బడిలో వేయడానికి సరోజన వచ్చింది. ఇద్దరం గుర్తుపట్టుకున్నాం. పోతూ పోతూ గేటు దగ్గర ఆగి, "మీ అన్న ఇంక కథలు చెప్తుండా?" అని అడిగింది. "చెప్తడు" అన్నాను. నాకు చెప్పడని ఎట్లా అనను? ఆ బడిలోనే తడబడే పిల్లలను నేనెన్ని మార్లు "నకరాలు చెయ్యకు, చప్పున చెప్పు" అని కసిరానో లెక్కలేదు. వాళ్లంతా ఇప్పుడు ఎక్కడున్నారో.

సిరిసిల్లలో బస్సు దిగితే మా వీధి నిశ్శబ్దంగా ఉంది. ఒకప్పుడు ఈ వీధిలో మనిషి మనిషిని పిలవాలంటే భుజం తట్టాల్సిందే. ఇప్పుడు ఎవరింట్లో టీవీలో ఏం నడుస్తోందో రోడ్డు మీదికి వినబడుతోంది. ఖాదర్ చాచా హోటల్ జాగాలో ఫోన్లు బాగుచేసే దుకాణం వచ్చింది. మా ఇంటి ముందుగదిలోంచి ఒక్క సాంచ మాత్రం ఆడుతున్నట్టు చప్పుడు. వదినె ఎదురొచ్చి, "మిగిలిన బట్ట ముక్క నేసినంకనే సాంచ ఇస్తడట. ఎంత చెప్పినా ఇంటలేడు" అంది. వదినె మంచి మనిషి. అన్న సగం మాటలో ఉండగానే అందుకుని పూర్తి చేస్తుంది. ప్రేమతోనే, నాలాగే.

లోపల మూడు సాంచాలు విప్పి గోడకు చేర్చి ఉన్నాయి. నాలుగోదాని మీద అన్న వంగి ఉన్నాడు. జుట్టు మొత్తం తెల్లబడింది, నుసి ఏదో వెంట్రుక ఏదో తెలియడం లేదు. నన్ను చూసి, అతిథి వచ్చింది కదా అని సాంచ ఆపబోయాడు. వద్దు వద్దని రెండు చేతులూ ఊపాను. నడువనియ్యి. నా గొంతు చూపించి, పనిచేయదని సైగ చేశాను. వదినె చెప్పే ఉంటుంది, తలూపాడు. అప్పుడు ఆయన ఎదురుగా నిలబడి, గొంతు కదపకుండా, ఉత్త పెదాలతో మొదలుపెట్టాను. ఆ గదిలో మాటకు గొంతు అక్కర్లేదని నాకు నేర్పింది ఆ గదే.

నీది నకరం గాదన్నా. కరీంనగర్ల సూసిన. ఒక పిల్లకు చెవులల్ల హోరు వెడితె మాట వచ్చింది, తీస్తె పోయింది. తన గొంతు తనకు ఇనపడకుంటె వస్తదట, గిట్ల మస్తు మందికి ఉంటదట, మనిషి చేతుల లేదట. డాక్టర్లకు ఎరికే. మనకే తెల్వలే. నేను గా దినం సాంచాలు బంద్ వెట్టిన. గా మాట అన్నది నేనే. తప్పయిందన్నా.

అంతా చదివాడు. ఒక్క ముక్క పోనివ్వలేదు, ఆయన కళ్లు నా పెదాల మీదే ఉన్నాయి. చివర్లో నా పెదాలు వణికి మాట చెదిరితే, మళ్లీ చెప్పమన్నట్టు గడ్డం ఎత్తాడు. తప్పయిందన్నా అని మళ్లీ చెప్పాను.  ఆయన నడిచిపోయి, మెయిన్ స్విచ్చు తనే కిందికి గుంజాడు.

చెవుల్లో పాత గుయ్యిమనే మోత. ఆయన నాకు ఎదురుగా వచ్చి నోరు తెరిచాడు.

"నే... నే... నే..."

మెడ బిగుసుకుంది, కళ్లు మూసుకుపోయాయి. అదే ముఖం, బడిలో చూసిందే. వదినె చాయ్ గ్లాసులతో గడపలోకి వచ్చి, అలవాటు చొప్పున అందుకోబోయింది. నేను అరచెయ్యి నిలబెట్టి చూపించాను. ఆగు, పోగు తెగింది. ఆమె ఉన్నచోటే ఆగిపోయింది.

"నే... నేను గూడ... గ... గట్లనే అనుకున్న చెల్లె" అన్నాడు అన్న. "నా... నాయి... న... నకరాలే అని. ఇ... ఇన్నేండ్లు."

చెప్పి, కళ్లు తెరిచి నావైపు చూశాడు. నాకు గొంతు ఉండి ఉంటే అప్పుడు కూడా మధ్యలో అందుకుని ఏదో ఒకటి అనేసేదాన్ని.